ఆగిన గడియారం

చైనా దేశంలో ఇంగ్‌షియు అనే చిన్న ఊరు ఉన్నది. ఆ ఊళ్ళో ఒక బడి, బడి ముందు ఒక పెద్ద రాతి గడియారం ఉన్నాయి. గడియారం ముఖమంతా పగుళ్ళు. మీరు పొద్దున్నే వెళ్ళి చూసినా, సాయంత్రం వెళ్ళి చూసినా దానిలో టైము మారదు. ఎప్పుడూ రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలే. ఇది చెడిపోయిన గడియారం కాదు. దాన్ని చెక్కినవాళ్ళు ముళ్ళను అక్కడే నిలిపి చెక్కారు.

గడియారం వెనక ఉన్న బడికి ఇప్పుడు పిల్లలు రారు. బడి భవనాలలో కొన్ని పక్కకు ఒరిగిపోయాయి. కొన్నిటి కింది అంతస్తు పై అంతస్తుల బరువుకు నలిగి, మేడ నేలలోకి దిగినట్టు కనిపిస్తుంది. పడినవాటిని తిరిగి కట్టలేదు, ఒరిగినవాటిని కూల్చలేదు. చూడటానికి వచ్చినవాళ్ళు చుట్టూ నడిచి, గడియారం దగ్గిర ఒక పువ్వు పెట్టి వెళతారు.

అక్కడికి వెళ్ళే దారి చెబుతాను, నాతో రండి.

చైనాకు నైరుతి దిక్కున సిచువాన్ రాష్ట్రం ఉన్నది. దాని రాజధాని చెంగ్డూ. అక్కడినుంచి వాయవ్యంగా వెళితే మొదట దుజియాంగ్యాన్ వస్తుంది. ఈ ఊరిని చూడకుండా ముందుకు పోవటం న్యాయం కాదు. సుమారు 2,200 ఏళ్ళ క్రితం లీ బింగ్ అనే అధికారి ఇక్కడ మిన్ నదిని, అడ్డంగా ఆనకట్ట కట్టకుండానే, రెండు పాయలుగా చీల్చి పొలాలకు నీరు పారించాడు. మన గోదావరికి ధవళేశ్వరం దగ్గిర కాటన్ దొర ఆనకట్ట కట్టించటానికి రెండు వేల ఏళ్ళ ముందు సంగతి ఇది! ఆ కాలవలు ఈనాటికీ పారుతున్నాయి. లీ బింగ్‌కు అక్కడివారు గుడి కట్టి పూజిస్తారు. నేను చెప్పబోయే రోజున ఆ గుడి దెబ్బతిన్నది గాని, నీరు పారటం మానలేదు.

దుజియాంగ్యాన్ దాటగానే మైదానం హఠాత్తుగా అయిపోతుంది. ఎదురుగా కొండలు గోడల్లా లేస్తాయి. యాభై కిలోమీటర్లు పోయేసరికి శిఖరాలు మైదానం కంటే నాలుగు వేల మీటర్లు ఎత్తున ఉంటాయి. వీటిని లుంగ్‌మెన్ పర్వతాలంటారు. ఆ మాటకు డ్రాగన్ ద్వారం అని అర్థం. రోడ్డు సొరంగాలలో దూరి, మిన్ నది పక్కనే సాగి, ఇంగ్‌షియు చేరుతుంది. పెద్ద పాండాలను పెంచే వోలాంగ్ అడవి కూడా ఈ దాపునే ఉన్నది.

ఇంత ఎత్తు కొండలు మైదానం పక్కనే ఎందుకు లేచాయో తెలుసుకుంటే, గడియారం ఎందుకు ఆగిందో కూడా తెలుస్తుంది. ఇందులో మన పాత్ర కూడా ఉన్నది! మనం నిలబడి ఉన్న భారత భూఖండం కదలకుండా ఉన్నట్టు కనిపిస్తుంది గాని, అది ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతున్నది. మన గోళ్ళు పెరిగే వేగం కూడా ఇంచుమించు అంతే. అలా జరుగుతూ ఆసియా ఖండాన్ని నెడుతున్నది. ఆ నెట్టుడుకు హిమాలయాలు లేచాయి, టిబెట్ పీఠభూమి లేచింది. టిబెట్ భూమి తనకు చోటు చాలక తూర్పుకు జరుగుతున్నది. అక్కడ సిచువాన్ మైదానం కింద గట్టి రాతినేల ఉన్నది. అది దారి ఇవ్వదు. రెండింటికీ మధ్య నలిగి పైకి లేచినవే ఈ డ్రాగన్ ద్వారపు కొండలు.

రెండు చేతులా ఒక వెదురుబద్దను పట్టుకుని నెమ్మదిగా వంచి చూడండి. చాలాసేపు అది వంగుతూనే ఉంటుంది. తరవాత ఒక్కసారిగా ఫెళ్ళుమంటుంది. ఈ కొండల కింద రాయి ఎన్నో వందల ఏళ్ళపాటు వంగి వంగి, 2008 మే 12న మధ్యాహ్నం రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు విరిగింది. విరుగు ఇంగ్‌షియు దగ్గిర మొదలై, ఈశాన్యంగా రెండు వందల కిలోమీటర్లకు మించి చీలుకుంటూ పోయింది. దాని తీవ్రత సుమారు 8. కొండచరియలు విరిగి లోయలలో పడ్డాయి. వంతెనలు పడిపోయాయి. 69,227 మంది చనిపోయారనీ, 17,923 మంది జాడ తెలియలేదనీ తరవాత లెక్క తేలింది.

అది సోమవారం. పిల్లలందరూ మధ్యాహ్నం తరగతులలో ఉన్నారు.

ఏడు రోజులు గడిచాయి. మనలో పదకొండో రోజు, పన్నెండో రోజు ఎలాటివో, చైనాలో చనిపోయినవారికి ఏడో రోజు అలాటిది. ఆనాడు పోయినవారు ఒకసారి ఇంటికి వచ్చి చూసుకుంటారని వారి నమ్మకం. చైనా ప్రభుత్వం మే 19 నుంచి మూడు రోజులు దేశమంతటా సంతాపం పాటించాలని ప్రకటించింది.

మే 19 తెల్లవారుజామున, బీజింగ్ నగరంలో తియానన్మెన్ మైదానంలో, సైనికులు రోజూలాగే జెండాను స్తంభం కొసదాకా ఎత్తారు. ఎత్తి, మళ్ళీ నెమ్మదిగా సగానికి దించారు. మీరు గమనించారో లేదో, సంతాప సూచకంగా ఎగరేసే జెండాను తిన్నగా సగందాకా ఎత్తి ఆపరు. ముందు కొసదాకా పోవాలి, తరవాత దిగాలి. సాయంత్రం తీసివేసేటప్పుడు కూడా ఒకసారి కొసదాకా ఎత్తి అప్పుడు దించాలి. మన జాతీయ జెండాకూ ఇదే నియమం. జెండా గౌరవం తగ్గలేదనీ, దుఃఖం చేత తానే తల వంచిందనీ దీని భావం కాబోలు. జెండాను ఇలా దించే ఆచారం ఓడలవాళ్ళది. నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఓడమీద ఎవరైనా పెద్దవాడు చనిపోతే జెండాను కొంత కిందికి దించి రేవుకు వచ్చేవారు.

మధ్యాహ్నం రెండూ ఇరవై ఎనిమిదికి దేశమంతా ఆగిపోయింది. ఎక్కడివారు అక్కడ మూడు నిమిషాలు తలలు వంచి నిలబడ్డారు. మౌనం అని పేరే గాని, అది నిశ్శబ్దం కాదు. వీధులలో మోటార్లు, పట్టాలమీద రైళ్ళు, నదులలో ఓడలు అన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. యుద్ధం వస్తే మోగించే సైరన్లు కూడా మోగాయి. మనుషులు నోరు మెదపలేదు. వారి బదులు యంత్రాలు మూడు నిమిషాలపాటు ఏడ్చాయి.

ఆ మూడు రోజులూ సినిమాలు, పాటకచేరీలు లేవు. పత్రికలు రంగులు మాని నలుపులో అచ్చయినాయి. ఆ ఏడు ఆగస్టులో బీజింగ్‌లో ఒలింపిక్ పందాలు జరగవలసి ఉండి, ఊరూరా తిరుగుతున్న ఒలింపిక్ జ్యోతి కూడా మూడు రోజులు ఆగింది.

ఇందులో వింత ఏమున్నది, ఇంత ఘోరం జరిగితే ఏ దేశమైనా జెండా దించుతుంది కదా అని మీరు అనవచ్చు. అందుకు జవాబుగా ఇంకొక ఊరి సంగతి చెప్పాలి.

బీజింగ్‌కు తూర్పున టాంగ్‌షాన్ అనే నగరం ఉన్నది. 1976 జులై 28న తెల్లవారకముందే, ఊరంతా నిద్రలో ఉండగా, అక్కడ భూమి కంపించింది. ప్రభుత్వం లెక్క ప్రకారమే 2,42,000 మందికి పైగా చనిపోయారు. సిచువాన్‌లో పోయినవారికంటే రెండింతలకు మించి! వారి కోసం దేశం జెండా దించలేదు. ఎంతమంది పోయారన్నది కూడా 1979 దాకా బయటపెట్టలేదు. ఆ భూకంపం జరిగిన ఆరు వారాలకు, సెప్టెంబరు 9న, దేశనాయకుడైన మావో చనిపోయాడు. అప్పుడు దేశమంతటా జెండాలు దిగాయి. జెండా దిగటమంటే పెద్ద పెద్ద నాయకులకు జరిగే మర్యాద అని అప్పటి భావం.

1990లో చేసిన జెండా చట్టంలో, ప్రకృతి వైపరీత్యాలలో చాలామంది చనిపోతే జెండా దించవచ్చునని ఒక మాట చేర్చారు. అయితే ఆ మాట పద్దెనిమిదేళ్ళు కాగితంమీదనే ఉండిపోయింది. 2008 మేలో, మొదటిసారిగా, పేరూ పదవీ లేని రైతులకు, కూలీలకు, బడిపిల్లలకు, ముసలమ్మలకు చైనా జెండా తల వంచింది. ఆ తరవాత 2010లో యూషూ భూకంపం అప్పుడూ, అదే ఏడు జౌచూలో బురద వరద ఊరిని ముంచినప్పుడూ ఒక్కొక్క రోజు జెండా దించారు. అలా అది ఆచారమయింది.

ఇప్పుడు టాంగ్‌షాన్ వెళితే, పాత రైలు కర్మాగారం శిథిలాల పక్కన నల్లని పాలరాతి గోడలు కనిపిస్తాయి. వాటిమీద 1976లో పోయినవారి పేర్లు చెక్కి ఉన్నాయి, 2,40,000 పేర్లు. ముప్ఫై రెండేళ్ళ తరవాత కట్టారు గాని, కట్టారు. ఆ గోడలమీద ఒక్క పేరు వెతికి పట్టుకోవటానికే చాలాసేపు పడుతుందట.

మళ్ళీ సిచువాన్‌కు వద్దాం. ఇంగ్‌షియుకు ఈశాన్యంగా, అదే చీలిక వెంట పోతే, బెయ్‌చువాన్ అనే ఊరు ఉన్నది. ఉన్నది అనకూడదేమో. ఒక లోయలో, నది ఒంపులో, చుట్టూ నిటారు కొండల మధ్య ఉండిన ఊరు అది. ఛియాంగ్ అనే కొండజాతివారు ఆ ప్రాంతంలో ఎక్కువ. రాతితో ఎత్తయిన బురుజులు కట్టటంలో వారు ఆరితేరినవారు. ఆనాడు అటు కొండా ఇటు కొండా విరిగి ఊరిమీద పడ్డాయి. కొంచెం ఎగువన మరొక కొండ నదికి అడ్డంగా పడి, వెనక పెద్ద చెరువు తయారయింది. అది తెగితే దిగువ ఊళ్ళన్నీ కొట్టుకుపోతాయని రెండు లక్షలకు పైగా జనాన్ని తరలించి, జూన్‌లో కాలవ తవ్వి నీరు వదిలారు. సెప్టెంబరులో వానలకు కొండలమీది బురద దిగి, మిగిలిన ఇళ్ళ కింది అంతస్తులను పూడ్చింది.

అదే చోట ఊరిని తిరిగి కట్టటం కుదరదని తేల్చారు. ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో, చదునైన నేలమీద కొత్త బెయ్‌చువాన్ కట్టారు. పాత ఊరిని మాత్రం అలాగే ఉంచేశారు. ఒరిగిన మేడలు, వాటి కిటికీలు, దుకాణాల బోర్డులు, రోడ్డుమీద పడిన బండరాళ్ళు అన్నీ ఉన్నాయి. గడ్డీ చెట్లూ మొలిచాయి. ఏటా మే 12న, ఏప్రిల్‌లో పెద్దల సమాధులు శుభ్రం చేసే పండుగనాడు, ఊరివాళ్ళు వచ్చి తమ ఇల్లు ఉండిన చోట కొవ్వొత్తులు వెలిగించి, చేమంతులు పెట్టి వెళతారు. మనకు చేమంతి దేవుడి పటానికీ, ఆడపిల్లల జడలోకీ పనికివచ్చే పువ్వు. చైనాలో తెల్ల చేమంతి చావుకే. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళుతూ తెల్ల చేమంతులు తీసుకుపోతే వాళ్ళు హడలిపోతారు.

ఆ ఊరి చివర కొండ కింద ఒక బడి ఉండేది. కొండ విరిగి బడిమీద పడింది. బండరాళ్ళ గుట్టలో బడి మొత్తం మాయమయింది. మిగిలినవి రెండే వస్తువులు: పిల్లలు బంతి ఆడే బాస్కెట్‌బాల్ స్తంభం, జెండా స్తంభం. జెండా స్తంభంమీద జెండా ఇంకా ఎగురుతూనే ఉన్నది. ఆ ఫొటో చైనా అంతటా అందరూ చూశారు. బీజింగ్ మైదానంలో సైనికులు ఎంత క్రమశిక్షణతో జెండా దించినా, ఈ స్తంభం చెప్పినంత అది చెప్పలేదని నాకు తోస్తుంది.

బెయ్‌చువాన్ ఊరి బయట ఇంకొక పెద్ద హైస్కూలు ఉండేది. అదీ కూలింది. ఆ చోటనే 2013లో భూకంప స్మారక మ్యూజియం తెరిచారు. నేల బీటలు వారినట్టుగా ఉంటుంది ఆ కట్టడం. పచ్చికనేలలో లోతుగా దిగిన బాటల మధ్యనుంచి నడిచి లోపలికి వెళ్ళాలి.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పక తప్పదు. మీ పక్కన కూర్చుని చదివే అమ్మా నాన్నలకు ఇది వెంటనే అర్థమవుతుంది. చాలా ఊళ్ళలో బడులు కూలాయి, కాని వాటి పక్కనే ఉన్న ఇతర మేడలు నిలిచాయి. దేశంలో అప్పట్లో ఎక్కువ కుటుంబాలకు ఒకే ఒక బిడ్డ. ఆ ఒక్క బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు పిల్లల ఫొటోలు గుండెలకు హత్తుకుని, మా బడే ఎందుకు పడింది, దాన్ని కట్టింది ఎవరు అని అడిగారు. సిచువాన్‌లో 5,335 మంది విద్యార్థులు చనిపోయారో, జాడ తెలియకుండా పోయారో అని ప్రభుత్వం ఏడాది తరవాత ప్రకటించింది. పిల్లల పేర్లను మాత్రం ఒక్కొక్క ఊరూ తిరిగి, ఒక్కొక్క ఇల్లూ అడిగి, కొందరు మామూలు మనుషులు రాసుకున్నారు. అధికారులకు ఈ పని నచ్చలేదు. చాలామందిని ఆపి, వెనక్కు పంపేశారు. అయినా అయిదు వేలకు పైగా పేర్లు పోగయాయి.

ఈ పని నడిపించినవాడు ఐ వేవే అనే శిల్పి. కూలిన బడుల దగ్గిర ఎక్కడ చూసినా దుమ్ముకొట్టుకుపోయిన పుస్తకాల సంచులు పడి ఉండటం ఆయన చూశాడు. 2009లో జర్మనీ దేశంలో మ్యూనిక్ నగరంలో, ఒక పెద్ద చిత్రశాల ముందుగోడమీద ఆయన పిల్లల పుస్తకాల సంచులు 9,000 వరసగా బిగించాడు. రంగురంగుల సంచులు. దూరంనుంచి చూస్తే అవి చైనా అక్షరాలై ఒక వాక్యంగా కనిపించేవి. అది ఒక తల్లి తన కూతురి గురించి అన్న మాట. తన పిల్ల ఈ లోకంలో ఏడేళ్ళు సంతోషంగా బతికిందని. ఆ తల్లి అంతకన్నా ఏమీ అడగలేదు, ఆ మాట గుర్తుంచుకోమన్నది.

చైనాలో 2009 నుంచి మే 12ను విపత్తులను ఎదుర్కొనే దినంగా పాటిస్తున్నారు. ఆ రోజుల్లో బడులలో గంట మోగుతుంది. పిల్లలు తలమీద పుస్తకమో చేతులో అడ్డం పెట్టుకుని, వరసగా మెట్లు దిగి మైదానంలోకి వస్తారు. మనలో ఇలాటిది చేయిస్తే పిల్లలు నవ్వుతారు. అక్కడా మొదట్లో నవ్వారు. ఎక్కడంటే, సాంగ్‌జావోలో.

బెయ్‌చువాన్ పక్క తాలూకాలోనే సాంగ్‌జావో అనే ఊరు ఉన్నది. అప్పట్లో అక్కడి హైస్కూలు హెడ్మాస్టరు పేరు యే జిపింగ్. ఆయన బడిలో ఒక పాత మేడ ఉండేది. చవకగా, నాసిరకంగా కట్టినది. మరమ్మతుకు విప్పి చూస్తే, గచ్చు పలకల సందులలో సిమెంటు పొయ్యటానికి బదులు ఖాళీ సిమెంటు సంచుల కాగితాలు కుక్కి ఉన్నాయి! యే జిపింగ్‌కు ఇక నిద్ర పట్టలేదు. పై అధికారుల చుట్టూ తిరిగి, కొంచెం కొంచెం డబ్బు తెచ్చి, కొన్నేళ్ళపాటు ఆ మేడను బాగుచేయిస్తూనే ఉన్నాడు. పలకల సందులు నింపించాడు, స్తంభాలు లావు చేయించాడు. ఆ మేడ కట్టటానికి 1,60,000 యువాన్‌లు అయితే, గట్టిపరచటానికి 4,00,000 అయింది. ఇంత డబ్బు పోసి పాత మేడకు మెరుగులేమిటని చూసినవాళ్ళు అనుకుని ఉంటారు.

అంతటితో ఊరుకోక, 2005 నుంచి ప్రతి టర్ములోనూ ఒకసారి పిల్లలందరినీ తరగతులలోనుంచి పరుగెత్తించేవాడు. ముందు నాలుగు వరసలవాళ్ళు ముందు తలుపు గుండా, వెనక వరసలవాళ్ళు వెనక తలుపు గుండా పోవాలి. ఏ తరగతి ఏ మెట్లు దిగాలో, మైదానంలో ఎక్కడ నిలబడాలో ముందే నిర్ణయం. పంతుళ్ళు మెట్ల మలుపులో నిలబడాలి, ఎందుకంటే పిల్లలు పడేది అక్కడే. ఇదంతా పిల్లలకు ఒక ఆట అయిపోయింది.

2008 మే 12న యే జిపింగ్ బడిలో లేడు. ఏదో పనిమీద పక్క పట్నానికి వెళ్ళాడు. భూమి అదిరింది. ఆయన వెంటనే బయలుదేరాడు. దారి పొడుగునా కూలిన ఇళ్ళే. ఆయన మనసులో ఆ పాత మేడ ఒక్కటే మెదులుతున్నదట.

బడి చేరాడు. కిటికీల అద్దాలు పగిలి రాలి ఉన్నాయి. మేడలు నిలబడి ఉన్నాయి. మైదానంలో 2,200 మందికి పైగా పిల్లలు ఒకరినొకరు ఆనుకుని తరగతుల వారీగా నిలబడి ఉన్నారు. వారి చుట్టూ గోడలాగా పంతుళ్ళు నిలబడ్డారు. అందరూ బయటికి రావటానికి ఒక నిమిషం ముప్ఫై ఆరు సెకన్లు పట్టింది.

పిల్లలు ఒక్కరూ తగ్గలేదని పంతుళ్ళు ఆయనకు లెక్క అప్పగించారు. యే జిపింగ్ అక్కడే నిలబడి, అందరి ముందూ ఏడ్చేశాడు.